చర్చి లెక్కలకును, సంఘపు లెక్కలకును రెండవ తాళము

మన సహకార సంఘ సభ్యులలో పలువురు తమ గ్రామమున మరియొక బాధ్యతను గూడ వహించుచున్నారు. ఒకరు చర్చి కానుకల లెక్కలు వ్రాయుదురు. ఒకరు దేవాలయ ధర్మకర్తలుగా నుందురు. పూర్వమీ లెక్కలు దినవహిలోను, ఆవర్జాలోను వ్రాయబడి ఇనుపపెట్టెలో నుండెడివి. నేడవి చాలవరకు కంప్యూటరులోనికిని, చేతిఫోనులోనికిని ప్రవేశించినవి. 2022లో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చు పథకము నామోదించినది. పెట్టె మారినది గనుక దానిని కాచువిధమును గూడ మార్చుకొనవలెను.

అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి బ్రన్స్‌విక్ పట్టణమున సెయింట్ ఆంబ్రోస్ అను కాథలిక్ చర్చి కలదు. ఆ చర్చిలో మరమ్మతులు జరుగుచుండగా, కంట్రాక్టరునకు నెలనెల సొమ్ము పంపుచుండిరి. 2019 ఏప్రిల్ మాసమున కంట్రాక్టరు తనకు రెండు నెలల సొమ్ము చేరలేదని తెలిపెను. చర్చివారు మాత్రము సొమ్ము పంపియేయుండిరి. విచారింపగా, దొంగలు ఇద్దరు ఉద్యోగుల ఈమెయిలు ఖాతాలలో ప్రవేశించి, కంట్రాక్టరు బ్యాంకు ఖాతా మారినదని నమ్మించినట్లు తేలెను. ఇట్లు తప్పుదారి పట్టిన సొమ్ము సుమారు 17,50,000 డాలర్లు.

ఇది దూరదేశపు సంగతి యని యూరకుండరాదు. 2022 జనవరిలో హైదరాబాదునందలి మహేశ్ సహకార అర్బన్ బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా అపహరింపబడెను. ఉద్యోగులు మోసపు ఈమెయిళ్లను తెరచుటవలన దొంగలకు దారి దొరకినదని పోలీసువారు ప్రకటించిరి. ఈ రెండు చోట్లను ఎవరును గోడకు కన్నము వేయలేదు.

ఒక్క పాస్‌వర్డు ఏల చాలదో లెక్కవేసి చూతము. ఇంగ్లీషు చిన్న యక్షరములు ఎనిమిదింటితో కూర్పదగిన మాటలు సుమారు 20,883 కోట్లు. దొంగిలించిన పాస్‌వర్డుల పట్టిక చేతనుండి, యంత్రము క్షణమునకు 100 కోట్ల చొప్పున పరీక్షించినచో, మూడున్నర నిమిషములలో పని ముగియును. అక్షరములు పండ్రెండైనచో మూడు సంవత్సరములును, పదునైదైనచో ఏబదివేల సంవత్సరములకు మించియు పట్టును. కావున పాస్‌వర్డు పొడవుగా నుండవలెను. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరములు పెట్టరాదు. ఒకదానితో నొకటి సంబంధములేని నాలుగైదు మాటలను కూర్చి పెట్టుకొనుట సులభము. ఒకచోట వాడినది మరియొకచోట వాడరాదు.

అయినను, ఎంత పొడవైన పాస్‌వర్డునైనను మోసపు పుటలో మనమే వ్రాసి యిచ్చినచో ప్రయోజనమేమి? అందులకే రెండవ తాళము కావలెను. ఇనుపపెట్టెకు రెండు తాళములు వేసి, ఒక చెవి కార్యదర్శి యొద్దను, రెండవది అధ్యక్షుని యొద్దను ఉంచు వాడుక మనకు తెలిసినదే. ఇదియు నట్టిదే. పాస్‌వర్డు వ్రాసిన పిమ్మట, మన చేతిఫోనులోని యొక సాధనము చూపు ఆరంకెల సంఖ్యను గూడ వ్రాయవలెను. అది సాధారణముగా 30 క్షణముల కొకమారు మారుచుండును. పాస్‌వర్డు మాత్రము దొంగిలించినవాడు గుమ్మమువద్దనే నిలిచిపోవును. ఆ సంఖ్యను ఫోనులో నడిగినవారికి చెప్పుట, తాళపుచెవి చేతికిచ్చుటయే. కంప్యూటరునకు తగిలించు చిన్న భద్రతాచెవి ఇంకను మేలు. అది మోసపు పుటకు బదులీయదు.

మేము గ్రామములు తిరుగునప్పుడు, ఒకే పాస్‌వర్డును నలుగురు వాడుటయు, దానిని గోడపై నంటించుటయు చూచుచున్నాము. ఆ లెక్కలలో సభ్యుల ఆధార్ సంఖ్యలు, ఫోను సంఖ్యలు, అప్పుల వివరములు కలవు. అవి మన సొత్తు కావు, మనయందు నమ్మకముతో నుంచినవి. కావున ఈ క్రింది పనులు చేయుడు.

1. మొదట ఈమెయిలునకు రెండవ తాళము వేయుడు. తక్కిన పాస్‌వర్డులను మార్చుదారి అదియే.

2. ఒక్కొక్కరికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఉండవలెను. పదవి విడిచినవారి ప్రవేశమును నాడే తొలగింపుడు.

3. ఫోను పోయినప్పుడు వాడదగిన యత్యవసర సంఖ్యలను కాగితముపై వ్రాసి ఇనుపపెట్టెలో దాచుడు.

4. ఎవరైనను బ్యాంకు ఖాతా మారినదని వ్రాసినచో, మన పుస్తకములో నదివరకే యున్న ఫోను సంఖ్యకు మాటలాడి నిశ్చయించుకొనుడు. సొమ్ము పంపుటకు ఇద్దరి యనుమతి యుండవలెను.

5. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేసి, బ్యాంకునకును తెలుపుడు.

మా కోశాధికారి నమ్మకస్థుడు, ఇదంతయు నెందులకని కొందరనవచ్చును. సొమ్ము పోయిననాడు మొదట ననుమానింపబడువాడు ఆ నమ్మకస్థుడే గదా! రెండవ తాళము సొమ్మునే గాక యాతని మంచిపేరును గూడ కాపాడును. రాబోవు కార్యవర్గ సమావేశమున ఈ యైదింటిని చదివి, తీర్మానముల పుస్తకములో వ్రాసికొని, ఆ దినముననే మొదటిదానిని నెరవేర్పుడని సభ్యులను కోరుచున్నాము.