హామ్‌స్టర్‌కు పంజరం కొనేముందు

ఒకప్పుడు చిలక కావాలని మారాం చేసిన పిల్లలు ఇప్పుడు హామ్‌స్టర్ కావాలంటున్నారు. ఎలుక జాతికి చెందిన ఈ బొద్దు జంతువు అరచేతిలో ఇముడుతుంది గనుక చిన్న పంజరం చాలునని పెద్దలు అనుకుంటారు. కాని పంజరం ఎంపిక మీద ఆ ప్రాణి సుఖమే కాక, ఇంటిల్లిపాది ఆరోగ్యం కూడా ఆధారపడి ఉంటుంది. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల వారు ఈ రెండో విషయం మరింత శ్రద్ధగా గమనించాలి.

ఎంత పెద్దది?

1930లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన అహరోనీ సిరియాలోని అలెప్పో దగ్గర నేల తవ్వించి ఒక తల్లి హామ్‌స్టర్‌నూ పిల్లలనూ పట్టించారు. ఈనాడు ఇళ్లలో పెరిగే సిరియన్ రకం చాలావరకు వాటి సంతతే. బొరియలు తవ్వడం, రాత్రిళ్లు పరుగెత్తడం వీటి పుట్టుబుద్ధి. అందుచేత పంజరం కనీసం మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండాలి. సిరియన్ రకాన్ని ఒక పంజరంలో ఒక్కదాన్నే పెంచాలి. రెండుంటే కరుచుకుంటాయి.

అడుగున ఆరంగుళాలకు తక్కువ కాకుండా మెత్త పరచాలి. స్విట్జర్లాండ్‌లో జరిగి 2006లో వెలువడిన ఒక పరిశోధనలో, నాలుగంగుళాల మెత్త మాత్రమే ఉన్న హామ్‌స్టర్లు ఊచలను ఎక్కువగా కొరికాయి. అచ్చు వేయని కాగితం ముక్కలు, శుభ్రమైన ఎండుగడ్డి మెత్తకు మంచివి. దూది పనికిరాదు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. పలాసలో చవకగా దొరుకుతుంది కదా అని జీడిపిక్కల తొక్కు వాడకండి. అందులోని జీడి చర్మాన్ని పొక్కిస్తుంది.

పరుగుకు పది అంగుళాల చక్రం కావాలి. దాని లోపలితట్టు నునుపుగా ఉండాలి; ఊచల చక్రంలో కాలు ఇరుక్కుంటుంది. నీళ్ల సీసా, దాక్కోవడానికి చిన్న పెట్టె, కొరకడానికి చెక్కముక్క ఉంటే చాలు.

సముద్రపు గాలికి మామూలు ఇనుప ఊచలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టని ఊచలు, కడగడానికి వీలైన లోతైన ప్లాస్టిక్ అడుగు ఉన్నది తీసుకోండి. మూసిన గాజుతొట్టిలో వేసవి ఉక్కకు ప్రాణి తట్టుకోలేదు.

ఇంటి ఎలుకలతో జాగ్రత్త

ఇళ్లలో తిరిగే చిట్టెలుకల్లో లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ అనే వైరస్ ఉండవచ్చు. వాటి మలమూత్రాల ద్వారా అది హామ్‌స్టర్‌కూ, దాని నుంచి మనుషులకూ సోకవచ్చు. కాబట్టి ఊచల మధ్య సందు అర సెంటీమీటరు మించకూడదు. మూత బిగువుగా ఉండాలి. మిగిలిన గింజలను రాత్రిపూట పంజరం చుట్టూ వదలకూడదు.

ఆరోగ్యవంతులకు ఈ వైరస్ వల్ల సాధారణంగా జ్వరం, తలనొప్పి వచ్చి తగ్గిపోతాయి. కొందరికి మెదడు పొరల వాపు రావచ్చు. గర్భిణికి సోకితే కడుపులోని బిడ్డ మెదడుకూ కళ్లకూ హాని కలగవచ్చు. 2005లో అమెరికాలో ఒకే దాత అవయవాలు పొందిన నలుగురికి ఇది సోకగా ముగ్గురు మరణించారు. దాత ఇంట్లోని పెంపుడు హామ్‌స్టర్ నుంచి ఇది వచ్చినట్లు తేలింది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను పీడిస్తున్నదో చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనది అందుకే. ఆ జబ్బు హామ్‌స్టర్ వల్ల వచ్చిందని కాదు. కాని మూత్రపిండం మార్పిడి జరిగినవారు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటారు. అలాంటివారు, గర్భిణులు ఉన్న ఇంట్లో హామ్‌స్టర్‌ను పెంచకపోవడమే మేలు. డయాలిసిస్ చేయించుకునేవారు పంజరం శుభ్రం చేసే పని పెట్టుకోకూడదు.

మిగతా ఇళ్లలో పంజరాన్ని వంటగదికీ పడకగదికీ దూరంగా పెట్టండి. తడిసిన మెత్తను రోజూ తీసేయండి. పొడిగా చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా, కొంచెం తడిపి తీయాలి. పంజరాన్ని గిన్నెలు తోమేచోట కడగవద్దు. హామ్‌స్టర్‌ను ముట్టుకున్న ప్రతిసారీ పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించండి. ఇంట్లో ఎవరికైనా జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి వస్తే, హామ్‌స్టర్‌ను పెంచుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.