వాడుక పాలూ, వెబ్‌సైటు స్క్రిప్టులూ

పాలు వాడుక పెట్టుకోవటం మీకు తెలిసిన సంగతే. పాలవాడితో ఒకసారి మాట్లాడుకుంటే చాలు, ఆ తరవాత రోజూ అడగనక్కరలేదు. గుమ్మం దగ్గర గిన్నె పెట్టి ఉంచితే, మనం నిద్రలేవకముందే పాలు పోసి వెళ్ళిపోతాడు. మనం వాటిని కాచుకుని తాగుతాం. ఇప్పుడు ఇలా అనుకోండి: ఆ పాలవాడు ఒకనాడు తన గేదెలనూ, బిందెలనూ, తాను పాలు పోసే వాడుకలనూ కలిపి మరెవరికో అమ్మేసి వెళ్ళిపోయాడు. మనకు ఆ మాట తెలియదు. గిన్నె మాత్రం మామూలుగా గుమ్మంలోనే ఉంది. మర్నాడు అందులో పాలు పోసినవాడెవడు? అవి పాలేనా?

సరిగా ఇటువంటి పనే 2024లో ఇంటర్నెట్టులో జరిగింది. అయితే అప్పుడు గుమ్మంలో ఉన్నది ఒక గిన్నె కాదు, లక్షకు పైగా!

ఆ కథ తెలుసుకోబోయే ముందు స్క్రిప్టు అంటే ఏమిటో చూద్దాం. వెబ్‌పేజీలో మీట నొక్కగానే పట్టిక తెరుచుకుంటుంది. తప్పు అంకె కొడితే వెంటనే ఎర్రని అక్షరాలు కనిపిస్తాయి. ఇలాంటి పనులు చేయించే ఆజ్ఞల వరసనే స్క్రిప్టు అంటారు. దీన్ని సాధారణంగా జావాస్క్రిప్టు అనే భాషలో రాస్తారు. ఈ భాషకు తొలిరూపాన్ని బ్రెండన్ ఐక్ అనే ఆయన 1995లో పది రోజుల్లో తయారుచేశాడు. పేజీలో ఉండే స్క్రిప్టు ఎక్కడో వెబ్‌సైటు యజమాని గదిలో కూర్చుని పనిచెయ్యదు. అది మన చేతిలో ఉన్న ఫోనులోకే వచ్చి, మన బ్రౌజరులో పనిచేస్తుంది. ఆ పేజీలో మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ చూడగలదు. మనల్ని మరో పేజీకి తీసుకుపోగలదు కూడా.

ప్రతి స్క్రిప్టునూ ఎవరికి వారే రాసుకోరు. ఇంకెవరో రాసి ఉంచినదాని చిరునామాను ఒక్క పంక్తిలో తమ పేజీలో అతికిస్తారు. అంతటితో స్క్రిప్టు తమ సొంతమయిందని చాలామంది భ్రమపడతారు. కాని ఆ పంక్తికి అర్థం వేరు: "ఆ చిరునామాకు వెళ్ళు, అక్కడ ఈవేళ ఏముంటే అది తెచ్చి, అది చెప్పినట్టు చెయ్యి" అని బ్రౌజరుకు చెప్పటమే. అంటే వాడుక పెట్టుకోవటమన్నమాట.

అలా వాడుక పెట్టుకున్న వాటిలో పాలీఫిల్ ఒకటి. ఈ పేరు వెనక ఒక తమాషా ఉంది. మన రంగులవాళ్ళు గోడ పగుళ్ళలో లప్పం పెడతారు చూడండి, ఇంగ్లండులో అటువంటి లప్పం ఒకటి పాలీఫిల్లా అనే పేరుతో అమ్ముతారు. పాత బ్రౌజర్లకు కొత్త విద్యలు రావు. ఆ లోటును పూడ్చే స్క్రిప్టుకు రెమీ షార్ప్ అనే ఆయన లప్పం పేరునే కాస్త మార్చి పాలీఫిల్ అని పెట్టాడు. తరవాత ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికలో పనిచేస్తుండగా ఆండ్రూ బెట్స్ అనే ఆయన ఒక ఉచిత సేవ తయారుచేశాడు. అది "నువ్వు ఏ బ్రౌజరువు?" అని అడిగి, ఎవరికి ఎంత లప్పం కావాలో అంతే ఇచ్చేది. మంచి పనే! జేస్టోర్ వంటి గ్రంథభాండాగారాలు కూడా దాన్ని వాడుకున్నాయి.

కాలక్రమేణా బ్రౌజర్లు బాగుపడ్డాయి. లప్పంతో పనిలేకపోయింది. అయినా అతికించిన పంక్తిని తీసెయ్యాలని ఎంతమందికి తోస్తుంది?

2024 ఫిబ్రవరిలో ఆ చిరునామాను ఫన్‌నల్ అనే సంస్థ కొనేసింది. ఆండ్రూ బెట్స్ వెంటనే అందరినీ హెచ్చరించాడు: ఆ చిరునామా ఎన్నడూ తనది కాదనీ, దాని అమ్మకంతో తనకు సంబంధం లేదనీ, ఆ పంక్తిని తక్షణం తీసెయ్యమనీ. కొందరు విన్నారు. చాలామంది చెవికి అది చేరనేలేదు.

జూన్ 25న నెదర్లాండ్స్‌లోని సాన్సెక్ అనే సంస్థ గుట్టు బయటపెట్టింది. మంచి వెబ్‌సైట్లు తెరిచినవాళ్ళు కొందరు ఉన్నట్టుండి పందేల సైటులోకి వెళ్ళి పడుతున్నారు! ఆ దొంగ స్క్రిప్టు ఎంత గడుసుదో చూడండి. కొన్ని రకాల ఫోన్లలో, కొన్ని వేళల్లో మాత్రమే పనిచేసేది. వచ్చినవాడు ఆ సైటును నడిపేవాడని పసికడితే, ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. ఇక మనుషులను దారి మళ్ళించటానికి వాడిన చిరునామా చూస్తే గూగుల్ వారి ఎనలిటిక్స్ సేవ అనే అనుకుంటాం. కళ్ళు చిట్లించి చూస్తే, ఇంగ్లీషు "ఎల్" ఉండవలసిన రెండుచోట్లా "ఐ" ఉంటుంది.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. పిల్లవాడి ఫోనులో పందేల పేజీ కనబడితే చెవి మెలిపెట్టబోతాం. వాడు తెరిచింది పాఠాల పేజీయే కావచ్చు. ముందు వాణ్ణి అడగండి. పిల్లలూ, మీరు కూడా భయపడి దాచవద్దు. అలాంటి పేజీలో ఫోను నంబరు గాని, ఓటీపీ గాని కొట్టకుండా మూసేసి, ఇంట్లో చెప్పండి.

గుట్టు బయటపడిన కొద్ది రోజులకే పాలీఫిల్ చిరునామాను పనిచెయ్యకుండా ఆపేశారు. 2025 మే నెలలో అమెరికా ఆర్థికశాఖ ఫన్‌నల్ మీద ఆంక్షలు పెట్టింది.

మరి మనం సైటు కడితే ఎలా? స్క్రిప్టును చదివి చూసి, దాని నకలును మన సైటులోనే పెట్టుకోవటం అన్నిటికన్నా తేలిక. ఇంటి గేదె పాల వంటిది. నకలు పెట్టుకోలేకపోతే వేలిముద్ర పద్ధతి ఉంది. ఒక లెక్క ప్రకారం స్క్రిప్టు మొత్తానికి ఒక గుర్తు కట్టి, దాన్ని ఆ పంక్తి పక్కనే రాస్తారు. స్క్రిప్టులో ఒక్క చుక్క మారినా గుర్తు కలవదు. కలవకపోతే బ్రౌజరు దాన్ని లోపలికి రానివ్వదు. విచిత్రమేమంటే, పాలీఫిల్‌కు ఈ ఉపాయం పనికిరాలేదు. అది ఒక్కొక్క బ్రౌజరుకు ఒక్కొక్క రకం స్క్రిప్టు ఇచ్చేది కదా, ఒక వేలిముద్ర ఎలా సరిపోతుంది?

ఇంకొక మోసం సరాసరి మీ దగ్గరకే వస్తుంది. "ఈ పంక్తిని బ్రౌజరు కన్సోలులో అతికించు, ఆటలో నాణేలు ఊరికే వస్తాయి" అంటారు. ఆ పంక్తి మీ పేరుతో, మీకున్న అధికారాలన్నిటితో పనిచేస్తుంది. నాణేలు రావటం అటుంచి, ఖాతాయే పోవచ్చు.

ఈ ఆదివారం మీ బడి వెబ్‌సైటును కంప్యూటరులో తెరిచి, కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కండి. పేజీ లోగుట్టంతా కనిపిస్తుంది. అందులో స్క్రిప్టు అని ఉన్న పంక్తులు వెతికి, పక్కన బడి పేరు కాక వేరే చిరునామాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిని కాగితం మీద అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, సోమవారం కంప్యూటరు మాష్టారికి చూపించి, ఇవి ఎవరివని అడగండి.