వేలు నొక్కి చూసే డ్యాష్‌బోర్డు

1930లలో డెట్రాయిట్‌లో క్లెయిర్ స్ట్రెయిత్ అనే ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. కార్ల కంపెనీల ఊరు కదా, ఆయన దగ్గరికి వచ్చే గాయాల్లో చాలావాటి వెనక ఒకటే కథ. కారు దేన్నో గుద్దుకుంటుంది. డ్రైవరు చేతిలో స్టీరింగైనా ఉంటుంది, పక్క సీట్లో మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ముఖం వెళ్లి డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంటుంది. అప్పట్లో డ్యాష్‌బోర్డంటే ఇనుప రేకు, దాని నిండా బయటికి పొడుచుకొచ్చిన మీటలు. చితికిన ముక్కులు, విరిగిన దవడలు సరిచేసి సరిచేసి ఆయన విసిగిపోయాడు. తన సొంత కార్లలో మెత్తలు అమర్చుకున్నాడు, కంపెనీల వెంట పడ్డాడు. 1937 డాడ్జ్ కార్లలో మీటలు లోపలికి తగ్గాయంటే అందులో ఆయన పోరు ఉంది.

ఇవాళ షోరూంలో కొత్త కారు ఎక్కగానే మనలో చాలామంది చేసే పని డ్యాష్‌బోర్డు మీద వేలు పెట్టి నొక్కడం. వేలు కాస్త దిగితే మంచి కారు, దిగకపోతే "అంతా ప్లాస్టిక్కే" అని పెదవి విరుపు. ఆ మెత్తదనానికి మూలం ఆ సర్జన్ బల్ల మీది ముఖాలు. అది హోదాకు గుర్తుగా మారడం చాలా తర్వాతి ముచ్చట.

ఇనుప రేకు నుంచి మెత్తకు మార్పు వెంటనే రాలేదు. 1948లో ప్రెస్టన్ టక్కర్ తన కారు డ్యాష్‌బోర్డుకి మెత్త వేశాడు గానీ ఆ కంపెనీ 51 కార్లతోనే ఆగిపోయింది. ఫోర్డ్ 1956లో మెత్తటి డ్యాష్‌బోర్డు తెచ్చింది, అదీ పైన డబ్బు కట్టినవాళ్లకే. 1965లో కార్ల భద్రతా లోపాల మీద రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకం అమెరికాను కుదిపేశాక, మరుసటి ఏడు భద్రతా చట్టం వచ్చింది, 1968 జనవరి నుంచి కారు లోపలి భాగాలకూ పరీక్ష పెట్టారు. 6.8 కిలోల తల ఆకారపు దిమ్మెను గంటకు 24 కిలోమీటర్ల వేగంతో డ్యాష్‌బోర్డుకేసి కొడతారు. ఆ దెబ్బ తీవ్రత గురుత్వ త్వరణానికి 80 రెట్లు దాటి 3 మిల్లీసెకన్లకు మించి నిలవకూడదు. ఒట్టి ఇనుప రేకుతో ఈ పరీక్ష గట్టెక్కడం కష్టం. పైన నురుగు మెత్త, దాని వెనక వంగి లొంగే నిర్మాణం ఉండాలి. యూరప్ నిబంధనలు ఇంకో మాట చేర్చాయి: తల తగిలే చోట గట్టి అంచు ఏదైనా కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. కారు లోపల చెయ్యి ఎటు జరిపినా గీరుకోదంటే ఆ హాయి వెనక ఉన్నది ఇలాంటి షరతులే.

మెత్త తప్పనిసరి అయ్యాక, దాని మీద తోలులాంటి తొడుగు అతుకు కనబడకుండా వేయడమెలా అన్న చిక్కు వచ్చింది. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పనితనం ఇక్కడే ఉంది. ముందు నిజమైన తోలును ఏరి, దాన్ని నమూనా డ్యాష్‌బోర్డు మీద ముడత లేకుండా పరుస్తారు. దాని మీద సిలికోన్‌తో అచ్చు తీస్తారు. ఆ అచ్చు నుంచి తీసిన ప్రతిరూపం మీద విద్యుత్ పూత పద్ధతిలో వారాల తరబడి నికెల్ లోహాన్ని పేరుస్తారు. చివరికి కొన్ని మిల్లీమీటర్ల మందాన నికెల్ డొల్ల మిగులుతుంది. తోలు మీది ప్రతి సన్న గీతా, ప్రతి రంధ్రమూ దాని లోపలి గోడకు దిగి ఉంటుంది. ఈ డొల్లను 200 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, పీవీసీ పొడి ఉన్న పెట్టెను దాని నోటికి బిగించి, రెండింటినీ కలిపి గిర్రున తిప్పుతారు. వేడి గోడకు తగిలిన పొడి కరిగి అంటుకుంటుంది, మిగతాది పెట్టెలోకి జారిపోతుంది. చల్లార్చాక ఒక మనిషి అంచు పట్టుకుని, ఆత్రేయపురంలో కాలిన కుండ మీద నుంచి పూతరేకు తీసినంత నేర్పుగా ఆ పొరను ఊడదీస్తాడు. దాని మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది.

ఆ పొరను ఒక అచ్చులో, గట్టి ప్లాస్టిక్ చట్రాన్ని ఎదురుగా పెట్టి, మధ్యలో పాలీయురెథేన్ ద్రవం పోస్తే అది పొంగి నురుగై రెండింటినీ అతుకుతుంది. మన వేలు నొక్కేది ఆ నురుగునే. పక్క సీటు ఎదుట ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోట, పొర వెనకవైపు నుంచి లేజరుతో గీత గీసి బలహీనం చేస్తారు. పైనుంచి ఎంత వెతికినా ఆ గీత కనబడదు. గుద్దుకున్న క్షణాన పొర సరిగ్గా అక్కడే చీలాలి, ముక్కలై ఎగరకూడదు. పాత కార్లలో అక్కడొక మూత, దాని చుట్టూ సందు స్పష్టంగా కనిపించేవి. ఆ సందు మాయమైనందుకు ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకోదగ్గ పని అని నా అభిప్రాయం.

అలాగని డ్యాష్‌బోర్డు మొత్తం మెత్తగా ఉండాలని నేననను. మోచేయి ఆనే చోట, చెయ్యి తగిలే చోట మెత్తదనం పెట్టి, మోకాళ్ల కింద గట్టి పాలీప్రొపిలీన్ వాడటంలో తప్పేమీ లేదు. గట్టి ప్లాస్టిక్ చవకబారుగా అనిపించేది గట్టిగా ఉన్నందుకు కాదు, మెరుస్తున్నందుకు. ఒకే రంగు కలిపినా, పక్కపక్కన ఉన్న రెండు ముక్కల మెరుపులో తేడా ఉంటే కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఎండలో ఒకేలా ఉన్న రెండు రంగులు ట్యూబ్‌లైటు కింద విడిపోవడమూ ఉంది. అందుకే తనిఖీ గదుల్లో దీపాలు మార్చి మార్చి చూస్తారు. ఇక వేలి సంగతి ఇంకా ఆశ్చర్యం. గీతలున్న ఉపరితలాన్ని నున్నటి దాన్నుంచి మనిషి వేలు ఎంతవరకు వేరుచేయగలదని 2013లో స్టాక్‌హోమ్ పరిశోధకులు పరీక్షించారు. 13 నానోమీటర్ల ఎత్తున్న గీతలను కూడా వేలు గుర్తించింది. క్రోమియం పూత పూసిన ప్లాస్టిక్ పట్టీ కంటిని మోసం చేసినా వేలికి దొరికిపోతుంది. అసలు లోహం వేలి వేడిని చప్పున లాక్కుని చల్లగా తగులుతుంది, పూత అంతగా లాక్కోలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. వాటర్ వాష్‌కి ఇచ్చినప్పుడు డ్యాష్‌బోర్డుకి పాలిష్ కొట్టి అద్దంలా మెరిపించి ఇస్తారు, మనం సంతోషిస్తాం. డ్యాష్‌బోర్డు పైభాగం ముదురు రంగులో, మెరుపు లేకుండా ఉండటానికి కారణం ఉంది. మెరిస్తే అది ముందు అద్దంలో ప్రతిబింబించి, ఎండవేళ రోడ్డు మీద తెల్లటి తెర పరుస్తుంది. తడి గుడ్డతో తుడిస్తే చాలు, పాలిష్ వద్దనండి.

ఇక ముక్కల మధ్య సందుల గురించి చెప్పుకోవాలంటే ఫెర్డినాండ్ పియెక్ పేరు ఎత్తకుండా కుదరదు. 1993లో ఫోక్స్‌వ్యాగన్ పగ్గాలు పట్టిన ఈ ఇంజనీరుకు రెండు ముక్కల మధ్య సందు ఎగుడుదిగుడుగా ఉంటే నచ్చేది కాదు. 1997లో వచ్చిన నాలుగో తరం గోల్ఫ్‌తో చిన్న కారు ఇలా కూడా ఉండొచ్చని జనం నోళ్లు తెరిచారు. అప్పట్లో క్రైస్లర్‌లో ఉన్న బాబ్ లట్జ్, ఇంత పొందికగా ఎలా బిగించారని ఆయన్నే అడిగాడట. బాధ్యులందరినీ ఒక గదిలోకి పిలిచి, ఆరు వారాల్లో బాగుపడకపోతే ఉద్యోగాలు పోతాయని చెప్పానన్నది పియెక్ జవాబని లట్జ్ తర్వాత రాశాడు. 2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ పొగ మోసానికి కూడా ఇలాంటి భయపు సంస్కృతే దారితీసిందని ఆ రాతలోనే తేల్చాడు. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. పైగా సందు తగ్గించడం బెదిరింపుతో పూర్తయ్యే పని కాదు, పదార్థం ఒప్పుకోవాలి.

ప్లాస్టిక్ ఎందుకు ఒప్పుకోదో ఒక చిన్న లెక్కలో చూద్దాం. 2018లో వెలువడిన ఒక అరిజోనా అధ్యయనంలో, 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీలకు చేరాయి. మన రెంటచింతల, రామగుండం వేసవుల్లో ఎంతకు చేరుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న డ్యాష్‌బోర్డు మధ్యాహ్నానికి 70కి వెళ్లిందనుకోండి. మీటరున్నర పొడవున్న మామూలు పాలీప్రొపిలీన్ ముక్క ఆ వేడికి ఆరేడు మిల్లీమీటర్లు సాగుతుంది. టాల్క్ పొడి గానీ గాజు పీచు గానీ కలిపితే అందులో సగానికి వస్తుంది. దాన్ని మోసే ఉక్కు దూలం మాత్రం ఒక మిల్లీమీటరు కూడా సాగదు. రెండింటినీ కదలకుండా బిగిస్తే ప్లాస్టిక్ ఉబ్బుతుంది, లేదా క్లిప్పులు విరుగుతాయి.

అందుకని మధ్యలో ఒకచోట మాత్రమే గట్టిగా పట్టించి, చివరల్లో స్క్రూ రంధ్రాలను పొడవుగా వదులుతారు, ప్లాస్టిక్ అటూ ఇటూ జరగడానికి. ముక్కలు కలిసేచోట సందును సున్నా చేయాలని చూడరు. ఒక ముక్కను కావాలని కాస్త లోపలికి దించి, నీడ పడే గాడి చేస్తారు. ఎండకు ముక్క జరిగినా ఆ నీడలో తేడా తెలియదు. సందు పెద్దదైనా కన్ను ఓర్చుకుంటుంది, ఒకవైపు సన్నగా మొదలై మరోవైపు వెడల్పయ్యే సందును మాత్రం క్షమించదు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు చేస్తున్న కియా ప్లాంటు లాంటి చోట్ల ఈ డ్యాష్‌బోర్డు, ఉక్కు దూలం, ఏసీ గొట్టాలు, వైర్లు కలిసి ఒకే సెట్టుగా ముందే సిద్ధమై, తలుపు ఖాళీలోంచి లోపలికి వెళ్తాయి. అక్కడ అది సరిగ్గా కూర్చోకపోతే మిగతా పనితనమంతా వృథా.

జరగనిచ్చారు సరే, జరిగేటప్పుడు శబ్దం రాకూడదు. మన మెకానిక్కులు రెండు మాటల్లో తేల్చేస్తారు: లొడలొడ, కిర్రు. లొడలొడ అంటే వదులు ముక్క ఇంకోదానికి తగలడం, దానికి మందు తేలిక. తలుపు జేబులో తాళాలు, చిల్లర గలగలమనకుండా మంచి కార్లలో మఖమల్‌లాంటి పూత ఉంటుంది. జిగురు పూసిన ప్లాస్టిక్ మీద పొట్టి నైలాన్ పోగులను స్థిర విద్యుత్తుతో నిలువుగా నిలబెట్టి అతికించడమే ఆ కిటుకు. వైర్ల కట్టకు ఉన్నిలాంటి టేపు చుట్టేది కూడా ఇందుకే. కిర్రు మాత్రం మొండిది. రెండు ప్లాస్టిక్‌లు ఒరుసుకునేటప్పుడు కాసేపు అంటుకుంటాయి, ఒత్తిడి పెరగ్గానే తటాలున జారతాయి, మళ్లీ అంటుకుంటాయి. ఇది సెకనుకు కొన్ని వందలసార్లు జరిగితే చెవికి కిర్రుమంటుంది. ఏ జత పదార్థాలు ఇలా మొరాయిస్తాయో తేల్చడానికి జర్మన్ కార్ల పరిశ్రమ ఒక పరీక్షే పెట్టుకుంది. రెండు ముక్కలను యంత్రంలో ఒరిపించి, 1 నుంచి 10 దాకా అంకె వేస్తారు. 10 వస్తే ఆ రెండూ పక్కపక్కన ఉండటానికి వీల్లేదు. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ పరీక్షకు విలువ పెరిగింది. ఇంజను చప్పుడు మింగేసిన కిర్రులన్నీ ఇప్పుడు బయటపడుతున్నాయి.

పైకప్పు దగ్గర పట్టుకునే హ్యాండిల్‌ను కిందికి లాగి వదిలి చూడండి. కొన్ని కార్లలో అది టప్పున కొట్టుకుంటుంది, కొన్నింట్లో నెమ్మదిగా వెనక్కి వెళ్లి చప్పుడు లేకుండా కూర్చుంటుంది. ఆ నెమ్మది కోసం ఇరుసులో గోళీ అంత డబ్బా ఉంటుంది, అందులో చిక్కటి సిలికోన్ నూనె, దాని మధ్య తిరిగే చిన్న చక్రం. చక్రం ఎంత వేగంగా తిరగబోతే నూనె అంత గట్టిగా అడ్డుపడుతుంది. కొన్ని కార్ల గ్లోవ్ బాక్సు మూత మెల్లగా దిగడం వెనక కూడా ఇదే ఉంటుంది.

మెత్తదనాన్ని నమ్మి మోసపోయే సందర్భమూ ఒకటుంది. గట్టి ప్లాస్టిక్ మీటల మీద రబ్బరులాంటి పెయింటు పూసి చేతికి మెత్తగా తగిలేలా చేస్తారు. షోరూంలో బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ పూతలో చాలావరకు పాలీయురెథేన్. గాలిలోని తేమ దాని గొలుసులను ఏళ్ల మీద తెంచుకుంటూ పోతుంది, చెమట, వేడి దానికి తోడవుతాయి. చివరికి మీటలు బంకలా చేతికి అంటుకుంటాయి, గోరు తగిలితే పొర లేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉన్నవాళ్లు ఇలాంటి పూత కంటే, అచ్చులోనే సన్న గీతలు దించిన ఒట్టి ప్లాస్టిక్ మీటను ఎంచుకోవడం మేలు.

కారు కొనేముందు వీలైతే అదే మోడల్‌ని మూడు వేసవులు వాడిన తెలిసినవాళ్ల దగ్గర అడిగి తీసుకోండి. మధ్యాహ్నం రెండు గంటలు ఎండలో నిలిపి, ఏసీ పూర్తిగా పెట్టి, పాట ఆపి, గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. సాగిన ప్లాస్టిక్ చల్లబడి ముడుచుకునే ఆ పావుగంటలోనే బిగింపు లోపాలు నోరు విప్పుతాయి. శబ్దం వచ్చిన చోట అరచెయ్యి ఆనించండి. ఆగిందంటే చాలావరకు అది క్లిప్పు సమస్య, సర్వీస్ సెంటర్లో సరిచేయొచ్చు. చెయ్యి ఆనించినా ఆగకుండా ఎక్కడో లోపలి నుంచి వస్తుంటే, డ్యాష్‌బోర్డు మొత్తం దింపితే తప్ప అది దొరకదు. కొత్త కారు డ్యాష్‌బోర్డు అలా దింపించుకునే కంటే ఇంకో మోడల్ చూసుకోవడం నయం.