సేలము గ్రామపు మంత్రగత్తెలు

అమెరికాలోని మసాచుసెట్సు నాడు ఆంగ్లేయుల వలసరాజ్యముగా నున్న కాలమున, 1692వ సంవత్సరమున, సేలములో మంత్రగత్తెతనమను నేరముపై 19 మందిని ఉరితీసిరి. వారిలో 14 మంది స్త్రీలు. మూఢవిశ్వాసమే దీనికి కారణమని చెప్పి ఊరకుండుట సులభము. కాని సోదరీమణులారా, దయ్యములయందు నమ్మకము ఆ యూరిలో నెల్లరకును కలదు. నేరము మాత్రము ఎల్లరిపైనను పడలేదు. మొదట పట్టువడిన మువ్వురెవరో చూతము.

సేలము గ్రామవాసులు ప్యూరిటనులు. పంట చెడినను, పశువు చచ్చినను, అది దైవశిక్షయో సైతాను చేష్టయో యని తలంచువారు. ఉత్తరమున ఫ్రెంచివారితోను ఆదిమవాసులతోను యుద్ధము. ఊరిలో రెండు కక్షలు. మతగురువైన పారిసుకు జీతమును వంటచెఱకును ఇయ్యమని ఒక కక్షవారు మొండికెత్తిరి. అట్టి తరుణమున ఆ గురువుగారి కూఁతునకును మేనకోడలికిని మూర్ఛలు వచ్చెను. బాధించుచున్నవారెవరని పెద్దలు గ్రుచ్చి గ్రుచ్చి యడుగఁగా మూఁడు పేళ్లు వెలువడినవి.

మొదటిది టిట్యూబా; గురువుగారి యింటి బానిస. రెండవది సారా ఆస్బరను. భర్త చనిపోఁగా తన యింటి సేవకునే పెండ్లాడి, మొదటి భర్త కుమారులకు చెందవలసిన భూమిని తానే యుంచుకొనఁజూచెను. ఆ భూమికి పెద్దలుగా నుండినవారు పట్నము కుటుంబమువారు. నేరము మోపినవారిలోను ఆ యింటివారే ముఖ్యులు! ఆమె చెఱలోనే చనిపోయెను.

మూఁడవది సారా గుడ్. ఈమె తండ్రి కలిగినవాఁడే. ఆయన మరణానంతరము ఆమె భాగము ఆమెకు దక్కలేదు. మొదటి భర్త అప్పులు మిగిల్చి పోయెను. ఆ యప్పులకే రెండవ భర్తకున్న కొద్ది భూమియుఁ బోయెను. బిడ్డను చంకనిడుకొని ఇంటింటను యాచించుచు, లేదన్నచోట గొణుగుకొనుచుఁ బోవుచుండెడిది. ఆ గొణుగుడే శాపమని సాక్ష్యములు వచ్చినవి. లేదని పంపినవారి మనసు వారినే పొడిచియుండును. ఆ బాధను వారామె నెత్తిపై వైచిరని నాకుఁ దోఁచును. న్యాయస్థానములో భర్తయే ఆమెకు ప్రతికూలముగాఁ బలికెను.

నేరమొప్పుకొన్నవారిని ఆ న్యాయస్థానము బ్రదుకనిచ్చెను, అబద్ధమాడనన్నవారిని ఉరికంపెను. టిట్యూబా ఒప్పుకొని బ్రదికెను. సారా గుడ్ ఒప్పుకొనలేదు. ఆమె చంటిబిడ్డ చెఱలో మరణించెను; జూలై 19వ తేదీన ఆమెను ఉరితీసిరి. నాలుగైదేండ్ల పెద్దకూఁతురు డారతిని సయితము మంత్రగత్తె యని సంకెలలు వేసి నెలల తరబడి యుంచిరి. ఆ పిల్లకు మరల మతి కుదురలేదని తండ్రి తరువాత ప్రభుత్వమునకు వ్రాసికొనెను.

1711లో ప్రభుత్వము బాధితుల కుటుంబములకు పరిహారమిచ్చెను. సారా గుడ్ విషయమున 30 పౌనులు చెల్లించిరి. వానిని పుచ్చుకొన్నది ఆ భర్తయే.