దీమపు పావురములు

మన నిఘంటువులలో దీమమను మాట యొకటి కలదు. మృగములను, పక్షులను దగ్గరకు రప్పించుటకై వేటగాండ్రు మచ్చికచేసి ముందుంచుకొను జంతువును గాని పిట్టను గాని దీమమందురు. ప్రబంధములలోని వేటఘట్టములు చదివిన సోదరీమణులకు దీమపులేడి క్రొత్తది కాదు. పంజరములోని కముజుపిట్టచేత కూయించి తోడిపిట్టలను ఉచ్చులలోనికి రప్పించుట మన పల్లెలయందును ఒకప్పటి వాడుకయే. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప మన దేశమున ఆ వేట నేరమైనది. మాట మాత్రము పుస్తకములలో మిగిలినది. తండ్రిగారి యొద్ద ఆ పద్యములు చదువుకొన్న నాడు, ఆ మాటకు అర్థము ఇంగ్లండు దేశపు పొలములో వలచాటున కూర్చుండి నేర్వవలసివచ్చునని మేము కలనైన తలపలేదు.

మావారు ఆ దేశమునందలి లింకన్‌షైరు మండలములో ఒక పాఠశాలయందు గణితము బోధించుచున్నారు. మేము కాపురమున్న పల్లె చుట్టును ఆవజాతి నూనెగింజల చేలు, గోధుమ చేలు, బఠాణీ చేలు. చలికాలమున ఇతర మేతలు దొరకనప్పుడు ఆవచేలు మాత్రమే పచ్చగా నుండును. వానిమీద వుడ్‌పిజన్ అను అడవిపావురములు వందలకొలది వ్రాలును. మన గుడిగోపురముల పావురముకన్న ఇది చాల పెద్దది. మెడకు ఇరుప్రక్కల తెల్లని మచ్చ, ఎగిరినపుడు రెక్కకు అడ్డముగా తెల్లని పట్టె కనబడును. చూచుటకెంత సాధువో మేయుటకంత ఘనము. లేత ఆకులను ఈనెలు మాత్రము మిగిల్చి కొరికివేయును. చంపిన పక్షి మెడసంచి విప్పినచో పిడికెడు ఆకుముద్ద బయటపడుట మేము కన్నులార చూచితిమి.

పొరుగు రైతు దిష్టిబొమ్మలు నిలిపెను, గద్దయాకారపు గాలిపటము లెగురవేసెను, గడియకొకసారి తనంతట తాను ప్రేలు గ్యాసు ఫిరంగిని పొలము నడుమ పెట్టెను. మూడు దినములైన తరువాత పావురములు ఆ ఫిరంగి ప్రక్కనే మేయసాగెను. ఆ దేశపు చట్టము వినోదమునకై అడవిపావురమును కాల్చుటను ఒప్పదు. పైరునకు గొప్ప నష్టము కలుగకుండుటకు, బెదరించుట మొదలగు ఉపాయములు చాలనప్పుడు మాత్రమే, ప్రభుత్వ మిచ్చిన సాధారణానుమతి చొప్పున కాల్పవచ్చును. ఆ రైతు మావారిని సాయమడిగెను. తుపాకి పత్రమునకై పోలీసువారు మా యింటికి వచ్చి, గోడకు బిగించిన ఇనుపపెట్టెను చూచి, తాళపుచెవి యెవరియొద్ద నుండునో అడిగి వ్రాసికొని పోయిరి. మేము తుపాకి పట్టలేదు. దీమములు నిలుపుట, మాటు కట్టుట, పడిన పక్షులను ఏరి లెక్కించుట మా పాలికి వచ్చెను. ఈ విద్యలో ముప్పాతిక అదియేనని తరువాత తెలిసినది.

మాకు గురువైనవాడు ఆ యూరి ముదుసలి యొకడు. మొదటి రెండు దినములు తుపాకి ఇంటనే విడిచి రమ్మనెను. చేని గట్టున నిలిచి పావురములు ఏ దిక్కునుండి వచ్చుచున్నవి, ఏ చెట్ల వరుసనంటి యెగురుచున్నవి, వ్రాలుటకు ముందు ఏ చెట్టుమీద కూర్చుండి చూచుకొనుచున్నవి, గాలి మారినచో త్రోవ మార్చుచున్నవా—ఇవియే చూడవలెనట. మనము తెల్పినచోటికి పావురము రాదు. అది రాదలచిన చోట మనముండవలెను. ఈ వృత్తితోనే జీవించిన ఆర్చీ కోట్సు అను నాయన 1963లో పావురపువేటను గురించి ఒక పుస్తకము వ్రాసెను. మా గురువునకది పారాయణగ్రంథము. చేతికిచ్చుటకు ముందు అట్ట తుడిచి యిచ్చెను.

మూడవనాడు మాటు కట్టితిమి. గాలికి వెన్నిచ్చి, కంచె పొదనానుకొని, నాలుగు కఱ్ఱలు పాతి, ఎండుటాకుల రంగు వలను చుట్టి, దానిపై ఆ పొదలోని కొమ్మలనే గ్రుచ్చితిమి. అచ్చటి పొదకు లేని ఆకును తెచ్చి కట్టిన పావురము కనిపెట్టునట! ముఖము తెల్లగా మెరసిన కనిపెట్టును. చేయి కదలిన మరింత త్వరగా కనిపెట్టును. మా చేతిగాజులు ఇంటనే తీసి రమ్మనిరి. అందులకు మేమొప్పక, ముంజేతులకు చేతిరుమాలు చుట్టుకొని కూర్చుంటిమి.

ఇక దీమములు. ఇవి ప్రాణమున్నవి కావు. బూడిదరంగు ప్లాస్టికుతో చేసిన పావురపు డొల్లలు. ఒక్కొక్కటి సన్నని పుల్లమీద నిలిచి, గాలికి కొంచెము ఊగుచు, మేయుచున్నట్లే యుండును. మాటునుండి ఇరువది ఇరువదియైదు గజముల దూరమున గుఱ్ఱపులాడము ఆకృతిగా వానిని నిలుపవలెను. ఆ లాడము నడుమ ఖాళీచోటు విడువవలెను. వచ్చు పక్షి వ్రాలదలచునది అచ్చటనే. పక్షులు గాలికి ఎదురుగానే దిగును గనుక దీమముల ముఖములు ఇంచుమించుగా గాలివైపున ఉండవలెను. అన్నియు ఒకే దిక్కునకు సిపాయిలవలె నిలిచినచో మాత్రము పనికిరాదు. చుక్కల ముగ్గు పెట్టిన చేతికి సమదూరము సహజముగా వచ్చును. ఇచ్చట దానిని మరచుటయే కష్టమైనది. మేము పెట్టిన మొదటి వరుసను మా గురువు చూచి నవ్వి, మూడింటిని పెరికి వేరొకచోట విసరినట్లు పాతెను. వెంటనే అది పావురముల గుంపయ్యెను.

తడిసిన ప్లాస్టికు ఎండలో తళుక్కుమన్నను పక్షులు బెదరును. కాల్చిన పక్షి వెల్లకిల పడి తెల్లని పొట్ట చూపుచున్నను బెదరును. దాని నెత్తి బోర్లించి, తల క్రింద పుల్ల నిలిపి, దానినే మరియొక దీమముగా పెట్టుదురు. ఈ పని చేయుటకు మాకు చేయి మొదట ఆడలేదు. ఇంకను వెచ్చగా నున్న పక్షిని దాని జాతినే పిలుచుటకు నిలుపుట కన్న ప్లాస్టికు డొల్ల మేలని మాకు నేటికిని తోచుచున్నది. రెండు చేతుల యంత్రమొకటి కలదు. చెరియొక చివరను పక్షిని తగిల్చినచో బ్యాటరీబలముతో గుండ్రముగా తిరుగుచు, పావురములు దిగుచున్నట్లు భ్రమ కలిగించును. మా గురువు దానిని మెచ్చడు. తిరుగళ్లతో పావురములు వచ్చు కాలముపోయినదని ఆయన వాదము.

గంటన్నర ఏమియు రాలేదు. పిదప ఒకటి వచ్చినది. దూరమునుండి రెక్కలాడించుచు వచ్చి, దీమములను చూచి, రెక్కలు బిగించి, జారుడుబండమీది పిల్లవానివలె గాలిలో జారుచు ఖాళీచోటికి దిగెను. అంత దగ్గరగా దాని మెడమీది ఊదాపచ్చ మెరుపును చూచి మేము ఊపిరి మరచితిమి. మావారు కాల్చిరి, అది వచ్చిన త్రోవనే పోయెను. ఆనాడు పదునాలుగు తూటాలకు మూడు పావురములు పడినవి. గణితము బోధించువారు గనుక ఆ లెక్కను మావారే బిగ్గరగా చెప్పుకొనిరి.

ఈ కపటము నేటిది కాదు. అమెరికాలో నెవాడా సీమయందలి లవ్‌లాక్ గుహలో 1924లో రెల్లుతో అల్లిన పదునొకండు బాతుబొమ్మలు దొరకినవి. అవి ఇంచుమించు రెండువేల యేండ్లనాటివి. హాలండువారు చెఱువునుండి వంకర కాలువలు త్రవ్వి, వానిపై వలకప్పు వేసి, ప్రక్కన రెల్లుతడకలు వరుసగా నిలిపి బాతులను పట్టెడివారు. నక్కరంగు కుక్క యొకటి తడకల సందులలో కనబడుచు మరుగగుచు ముందుకు పోవును. బాతులు దానిని చూచి పారిపోవుటకు మారుగా వెంబడించుచు కాలువ కొసనున్న వలలోనికి చేరును! రెండవ చార్లెసు రాజు 1665లో లండనునందు సెయింట్ జేమ్సు ఉద్యానమున ఇట్టిదానిని కట్టించెను. బకింగ్‌హాంషైరులోని బోర్‌స్టాల్ గ్రామమున పదునేడవ శతాబ్దపు దీమపుచెఱువు నేటికిని కాపాడబడుచున్నది. వంటయింటికి బాతులను పంపుటకు పుట్టిన ఆ ఉపాయము, తరువాత పక్షుల కాళ్లకు అంకెలుగల కడియములు తొడిగి విడుచుటకును ఉపకరించినది.

ప్రాణమున్న దీమముల కథ వినుటకు బాధగా నుండును. అమెరికాలో ప్యాసింజర్ పావురములను పట్టువారు ఒక పావురము కనురెప్పలు కుట్టి, కఱ్ఱపీటకు కట్టి, పైకి క్రిందికి ఆడించి, ఆకాశమున పోవు గుంపులను రప్పించెడివారు. ఆ జాతిలో కడపటిదగు మార్తా అను పావురము 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుశాలలో చనిపోయినది. బ్రిటనునందు 1981వ సంవత్సరపు చట్టము, కట్టబడిన, కండ్లు పోగొట్టబడిన, అవయవములు విరువబడిన పక్షులను దీమములుగా వాడుటను నిషేధించెను. మన ప్రబంధకవులు దీమపులేడి సౌందర్యమును వర్ణించిరేకాని, తనవారిని పిలుచునపుడు దాని మనసెట్లుండెనో అడిగినవారిని మేమెరుగము.

పావురముల విషయమున మాకు ఒక సంశయముండెను. ఇవి రెండేసి గ్రుడ్లు పెట్టి, మగయు ఆడదియు గూడ మెడసంచిలో ఊరు పాలవంటి ద్రవముతో పిల్లలను పోషించును. వేసవి కడవరకు గూళ్లలో పిల్లలుండును. బఠాణీలు పండునదియు వేసవియందే. అప్పుడు తల్లిని కాల్చిన గూటిలోని పిల్లల గతియేమని రైతు నడిగితిమి. అతడు తల గోకుకొని, బఠాణీచేనిలో తినివేసిన మేరకు మమ్ము నడిపించి చూపెను. పది పదునైదు అడుగుల వెడల్పున కాయయన్నది లేదు. అతని ప్రత్యుత్తర మదియే. మా ప్రశ్నకు అది సమాధానము కాకపోయినను, ఆ చేనిమీద ఒక కుటుంబము బ్రతుకుచున్నదనుట నిజము. మేము దీమములు పెట్టుట మానలేదు.

సముద్రతీరపు బాతులవేట సంగతి వేరు. వాష్ అను అఖాతమున, ఐసులాండు గ్రీనులాండుల నుండి వచ్చు గులాబికాళ్ల పెద్దబాతులు శీతకాలమంతయు రాత్రులు బురదమేటలపై నిద్రించి, తెల్లవారుజామున మేతకై లోపలి చేలకు పోవును. ఇవి మన దేశమునకు హిమాలయములు దాటి వచ్చు చారలతల బాతునకు దాయాదులు. పావురమువలె వీనిని ఏడాదిపొడవున కాల్చరాదు. లోతట్టున సెప్టెంబరు 1 మొదలు జనవరి 31 వరకు, ఇంగ్లండు సముద్రతీరమున ఫిబ్రవరి 20 వరకు మాత్రమే ఋతువు. కొట్టిన అడవి పెద్దబాతును అమ్మరాదు. 1999 నుండి ఇంగ్లండున నీటిపక్షులపై సీసపుగుండ్లు వాడరాదు; నేలరాలిన గుండ్లను మేతతో మ్రింగి బాతులు విషమెక్కి చచ్చుచుండుటయే కారణము. వేటగాండ్ర సంఘములు కలవు. 1908లో స్టాన్లీ డంకన్ అను నాయన హల్ పట్టణమున స్థాపించినది వానిలో పెద్దది.

మావారు సంఘములో చేరి, ఒక జనవరి తెల్లవారుజామున మమ్ము గూడ తీసికొనిపోయిరి. పోటువేళల పట్టిక, దిక్సూచి, ఊతకఱ్ఱ లేక ఎవ్వరును అచ్చటికి పోరాదు. పోటు ఎదుటినుండి మాత్రమే రాదు. వెనుకనున్న పాయలను ముందు నింపి త్రోవను కోసివేయును. చీకటిలో ఒక పాయ గట్టున పడుకొని యుంటిమి. తూర్పు తెల్లబారునప్పటికి దూరమున సభలో జనుల కలకలమువంటి ధ్వని లేచినది. వేలకొలది పక్షులు వరుసలు వరుసలుగా మా తలలమీదుగా పోవుచుండగా, మంచు ముఖముపై పడుచుండుట కూడ తెలియలేదు.

మావారు ఒకసారి కాల్చిరి. ఒక బాతు వరుస వీడి, ఏటవాలుగా జారి, పెద్దపాయ ఆవల బురదలో దిగినది. చావలేదు. కుక్కను పంపిరి, పోటు వేగమునకు అది కొట్టుకొనిపోవుచుండగా పిలిచిరి. నీరు పెరుగుచుండెను. మేము మరలి గట్టెక్కునంతవరకు ఆ పక్షి మెడ యెత్తి, గుంపు పోయిన దిక్కునే చూచుచుండెను.

ఆనాటి సాయంకాలము మా యింట వాదము జరిగినది. “ఏమండీ, పావురములకు దీమములు పెట్టుదును. బాతుల కిక రాను,” అంటిమి.

“పావురముపై లేని దయ బాతుపై నేల?” అని మావారడిగిరి.

“పావురము ఒకరి పంటను తిన్నది. పడినచోటికి నడచిపోయి నొప్పి తీర్పగలము. ఈ బాతు మనలనేమి చేసినది? పడిన దానిని చేరనైన లేకపోతిమి.”

“నీవు బజారులో కొను కోడి ఎండ యెరుగదు. ఈ బాతు మంచుదేశమునుండి ఇష్టమువచ్చినట్లు ఎగిరివచ్చినది. ఏది సుఖముగా బ్రతికినది?”

ఆ మాటకు ఎదురు చెప్పలేకపోతిమి. మా మాటయు మార్చుకొనలేదు. దక్షిణధ్రువ యాత్రికుడగు కెప్టెన్ స్కాటు కుమారుడు పీటర్ స్కాటు యౌవనమున పేరుపొందిన బాతులవేటగాడు. ఆయనయే 1946లో స్లిమ్‌బ్రిడ్జియందు నీటిపక్షుల రక్షణాశ్రమమును స్థాపించి, క్రమముగా తుపాకి విడిచెను. ముప్పది పక్షులకు దిగజారిన హవాయి ద్వీపపు నేనే బాతును అచ్చట పెంచి నిలిపిరి. ఆ సంగతి మావారితో చెప్పగా, బాతుల త్రోవలు ఆయనకు వేటవలననే తెలిసినవనిరి. అదియు నిజమే.

పావురపు వంటను గూర్చి అడుగు సోదరీమణులకు రెండు మాటలు. మాంసమంతయు రొమ్ముననే యుండును. ఈకలన్నియు పెరుకక, రొమ్ముచర్మము చీల్చి రెండు ముక్కలు తీసిన చాలును. నలుపెక్కిన యెఱుపు, మేక కార్జపు రుచికి దగ్గర. గుండ్లను వ్రేళ్లతో తడిమి తీయవలెను. 2012లో ఆ దేశపు ఆహారప్రమాణసంస్థ గర్భిణులు, చిన్నపిల్లలు సీసపుగుండ్లతో కొట్టిన మాంసమును వీలైనంత తగ్గించుకొనుట మంచిదని తెలిపెను; కావున మావారు పావురములకును ఉక్కుగుండ్లనే వాడుదురు. అల్లము, వెల్లుల్లి, మిరియములు, కొంచెము పెరుగు పట్టించి ఒక పూట నాననిచ్చి, పెద్దమంటపై అటొక నిమిషము ఇటొక నిమిషము వేయించి దింపవలెను. ఎక్కువ ఉడికించిన తోలువలె సాగును. ముసలిపక్షియైనచో చింతపండు పులుసులో సన్నని సెగపై గంటన్నర విడువుడు.

ఫిబ్రవరి 20తో తీరపు వేట ముగిసినది. మావారు తుపాకి తుడిచి పెట్టెలో పెట్టిరి. వచ్చు సంవత్సరము సంఘమునకు చందా కట్టుదురో లేదో ఇంకను చెప్పలేదు. పొరుగు రైతు బఠాణీలు విత్తుచున్నాడు. దీమముల రంగు పెచ్చులూడినది గనుక, మెరుపులేని బూడిదరంగు డబ్బా యొకటి కొనితెచ్చి వానికి పూయుచున్నాము.