ప్లేనర్ ఇయర్‌ఫోన్లు: మధ్యతరగతి ధరకు మేలి నాదం దక్కేనా?

జంషెడ్‌పూర్: ఒకప్పుడు సంపన్నులైన సంగీత ప్రియుల ఇళ్లకే పరిమితమైన ప్లేనర్ మాగ్నెటిక్ శ్రవణ సాధనాలు గత కొద్ది సంవత్సరాలలో చెవిలో ఇమిడేంత పరిమాణానికి కుదించుకుపోయి, నెల జీతంపై ఆధారపడే ఉద్యోగికి సైతం అందే ధరకు దిగివచ్చాయి. సుమారు 9 వేల రూపాయల నుంచి 20 వేల రూపాయల వరకు పలుకుతున్న ఈ ఇయర్‌ఫోన్లు తమ ధరకు తగిన నాదాన్ని అందిస్తున్నాయా అన్న ప్రశ్నకు ఉక్కు నగరంలో ఒక ప్రత్యేకత ఉన్నది. పగలంతా యంత్రాల హోరును భరించి, రాత్రి పూట సంగీతాన్ని ఆశ్రయించే చెవులు ఇక్కడ ఎక్కువ.

1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ 1912 ఫిబ్రవరి 16న ఇక్కడ తొలి ఉక్కు దిమ్మెను తయారు చేసింది. నాటి సాక్చికి 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కర్మాగారంలో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ పట్టణంలో స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి ప్రసిద్ధమైన చిహ్నం. ఈ ఇళ్లలో త్యాగరాజ కీర్తన, ఘంటసాల పాట, హిందీ గీతం, పొరుగున మోగే సంతాలీ పాట ఒకే ఫోనులో పక్కపక్కన ఉంటాయి. కొనదలచిన ఇయర్‌ఫోన్ వీటన్నిటికీ న్యాయం చేయవలసి ఉంటుంది.

పొర అంతా ఒక్కసారిగా

సాధారణ ఇయర్‌ఫోన్‌లో పలుచని గోపురం వంటి పొరకు వెనుక ఒక తీగచుట్ట అతికించి ఉంటుంది. విద్యుత్తు ప్రవహించినపుడు ఆ చుట్ట అయస్కాంత క్షేత్రంలో ముందుకు వెనుకకు కదిలి పొరను నెడుతుంది. బలం ఒక వలయం మీదనే పడుతుంది గనుక పొరలోని మిగతా భాగం కొన్ని పౌనఃపున్యాల వద్ద తన దారిన తాను వంగుతుంది. ప్లేనర్ విధానంలో చుట్ట లేదు. కొద్ది మైక్రానుల మందం గల చదునైన పొర మీదనే లోహపు గీతలను అచ్చువేస్తారు. ఆ పొరను అయస్కాంతాల వరుసల నడుమ బిగించి ఉంచుతారు. గీతలు పొర అంతటా పరచుకుని ఉండడంతో బలం దాదాపు అంతటా సమానంగా పడుతుంది. వక్రీకరణ తక్కువగా ఉండడానికి ఇదే కారణం.

ఈ సూత్రం కొత్తది కాదు. బ్రిటన్‌కు చెందిన వార్ఫ్‌డేల్ సంస్థ 1970వ దశకం ఆరంభంలోనే ఇటువంటి హెడ్‌ఫోన్‌ను విక్రయించింది. జపాన్‌కు చెందిన యమహా 1976లో హెచ్‌పి-1 అనే నమూనాను తెచ్చింది. కాని ఆనాటి అయస్కాంతాలు బరువైనవి, బలహీనమైనవి. 1980వ దశకం తొలినాళ్లలో జపాన్, అమెరికా పరిశోధకులు వేర్వేరుగా నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతాన్ని సాధించిన తరువాతే చిన్న పరిమాణంలో పెద్ద బలం సాధ్యమయింది. అమెరికాలోని ఆడిజీ సంస్థ 2016లో ఐసైన్ పేరుతో చెవిలో పెట్టుకునే ప్లేనర్‌ను విడుదల చేసింది. ఆ సంస్థను 2023లో సోనీ గ్రూపు కొనుగోలు చేయడం గమనార్హం.

అయితే ధరను నేలకు దించినది మాత్రం చైనా. టిన్ హైఫై పి1 2019లో వచ్చింది. 2021లో సుమారు 220 డాలర్లకు విడుదలైన సెవెన్ హెర్ట్జ్ టైమ్‌లెస్ 14.2 మిల్లీమీటర్ల పొరతో సంచలనం కలిగించగా, లెట్‌షువర్ ఎస్12, మూన్‌డ్రాప్ స్టెల్లారిస్, హిడిజ్ ఎంపి145 వంటివి వెంటవెంటనే వచ్చాయి. 2022లోనే సెవెన్ హెర్ట్జ్ డియోకో వంద డాలర్ల ధరకు దిగింది. పోటీ ఇంత వేగంగా సాగడంతో నిన్నటి ఉత్తమ సాధనం నేడు సాధారణమైనదిగా మారుతున్నది. కొనుగోలుదారుకు ఇది మేలే.

తంబురా పరీక్ష

ఈ తరగతి సాధనాలను అంచనా వేయడానికి విక్రేతలు చెప్పే 'వేగం', 'స్పష్టత' వంటి మాటలను పక్కన పెట్టి, తెలిసిన సంగీతాన్ని వినడమే ఉత్తమం. తంబురా తీగ కింద ఉంచే నూలుపోగు వల్ల ఒక్క మీటుకే అనేక అనుస్వరాలు పుట్టి ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి. మంచి ప్లేనర్‌లో ఆ విచ్చుకోవడం విడివిడిగా వినిపిస్తుంది. మృదంగంలో ఎడమ వైపు తొప్పి గుమికి, కుడి వైపు వలంతల పలుకుకు మధ్య గల ఖాళీ చెదరదు. సంతాలీ నృత్యాలలోని తుమ్‌దాక్, తమాక్ డోళ్ల మోత సైతం అలుక్కుపోకుండా అందుతుంది. బేస్ లోతుగా దిగినప్పటికీ గాత్రం మీదకు పొంగదు. ఈ విషయంలో ప్లేనర్లకు వచ్చిన పేరు న్యాయమైనదే.

లోపం ట్రెబుల్‌లో ఉన్నది. ఈ ధరలోని ప్లేనర్లలో పలు నమూనాలు 8 వేల హెర్ట్జ్‌లకు అటూ ఇటూ, ఆ పైన కూడా అవసరానికి మించిన మెరుపును ప్రదర్శిస్తాయి. మొదటి పది నిమిషాలు ఆ మెరుపే స్పష్టతగా తోస్తుంది. గంట గడిచేసరికి 'స', 'ష' అక్షరాలు చెవిని గీరడం మొదలవుతుంది. అంగడిలో రెండు నిమిషాలు విని మెచ్చుకున్నవారు ఇంటికి వెళ్లి నొచ్చుకునేది ఇక్కడే.

పాత పాటల ప్రియులు మరింత జాగ్రత్త వహించవలసి ఉంటుంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు వాయులీనం గాని, అదే కళాశాలలో చదువుకున్న ఘంటసాల తొలినాటి పాటలు గాని గ్రామఫోన్ పళ్లేల మీద మోనోలో వెలువడినవి. ఆ రికార్డులలో పై పౌనఃపున్యాల వద్ద సంగీతం కంటే సూది గీరుడే అధికం. ట్రెబుల్ పొంగిన ప్లేనర్ ఆ గీరుడును భూతద్దంలో చూపుతుంది. పాటల పెట్టెలో సగానికి పైగా 1970కి ముందు గీతాలే ఉన్నవారు 2 వేల రూపాయల సాధారణ ఇయర్‌ఫోన్‌తో ఎక్కువ సంతోషంగా ఉండగలరు. ఖరీదు పెరిగిన కొద్దీ ఆనందం పెరుగుతుందన్న హామీ ఈ రంగంలో లేదు.

ఇదిలా ఉండగా, సమీక్షలలో కనిపించే పౌనఃపున్యపు రేఖలను ఎంతవరకు నమ్మాలన్నది మరొక ప్రశ్న. ఈ కొలతలు ఎక్కువగా కృత్రిమ చెవి గొట్టంలో తీసినవి. ఆ గొట్టంలో ఇయర్‌ఫోన్‌ను ప్రామాణికమైన లోతున అమర్చినపుడు దాని స్వంత ప్రతిధ్వని 8 వేల హెర్ట్జ్‌ల సమీపంలో ఒక శిఖరాన్ని సృష్టిస్తుంది. ఆ శిఖరం సాధనానిది కాదు, గొట్టానిది. నిజమైన చెవిలో అది అటూ ఇటూ జరుగుతుంది. అంటే, బేస్, గాత్రం విషయంలో రేఖను నమ్మవచ్చు. వివాదమంతా ఉన్న ట్రెబుల్ విషయంలోనే రేఖ నమ్మదగినది కాదు.

వక్రీకరణ తక్కువ కావడం వల్ల ప్లేనర్లకు మరొక సౌలభ్యం ఉన్నది. ఫోనులోని ఈక్వలైజర్‌తో ట్రెబుల్‌ను మూడు నాలుగు డెసిబెల్లు తగ్గించినా, బేస్‌ను కొద్దిగా పెంచినా ఇవి తడబడకుండా భరిస్తాయి. సమీక్షకులు లోపంగా ఎంచినదానిలో కొంత భాగం ఈ విధంగా పైసా ఖర్చు లేకుండా సవరించుకోవచ్చు.

యాంప్లిఫయర్ అవసరమా?

ప్లేనర్లకు శక్తిమంతమైన యాంప్లిఫయర్ తప్పనిసరి అన్న ప్రచారం విస్తృతంగా ఉన్నది. తలపై ధరించే పెద్ద ప్లేనర్ల విషయంలో అది కొంతవరకు నిజం. చెవిలో ఇమిడేవాటికి లెక్క వేరు. ఒక మిల్లీవాట్ విద్యుత్తుకు 102 డెసిబెల్ల ధ్వని ఇచ్చే 16 ఓముల సాధనాన్ని ఉదాహరణగా తీసుకుంటే, 80 డెసిబెల్ల సాధారణ శ్రవణానికి మిల్లీవాట్‌లో నూరో వంతు కూడా పట్టదు. సంగీతంలో అకస్మాత్తుగా లేచే ఘట్టాలకు మరో 20 డెసిబెల్లు కలిపినా అవసరమయ్యేది మిల్లీవాట్‌లో మూడింట రెండు వంతులు, అంటే వోల్టులో పదో వంతు మాత్రమే. ఒక వోల్టు ఇచ్చే వేలెడంత యుఎస్‌బి డాక్ ఈ పనికి ధారాళంగా చాలుతుంది. హెడ్‌ఫోన్ రంధ్రం లేని ఫోన్లు ఉన్నవారు అటువంటి డాక్ ఎటూ కొనవలసినదే. పైగా ప్లేనర్ నిరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఇంచుమించు ఒకేలా ఉంటుంది గనుక యాంప్లిఫయర్ మారినంత మాత్రాన దాని స్వభావం మారదు. పది వేల ఇయర్‌ఫోన్‌కు పదిహేను వేల యాంప్లిఫయర్ తగిలించమనే సలహాను అనుమానించక తప్పదు.

దానికి బదులు నాలుగైదు వందల రూపాయలు పెట్టి రకరకాల రబ్బరు తొడుగులు కొనడం మేలు. తొడుగు చెవిని పూర్తిగా మూయనిపక్షంలో బేస్ మాయమవుతుంది. ట్రెబుల్ మరింత కటువుగా తోస్తుంది. 14 మిల్లీమీటర్ల పొరను ఇముడ్చుకున్న గుల్ల పెద్దదిగా ఉండడం సహజం. చిన్న చెవులు గలవారికి అరగంటకే నొప్పి మొదలుకావచ్చు. లోపలికి నెట్టేటపుడు గాలి ఒత్తిడికి పొర చిటపటలాడడం కొన్ని నమూనాలలో కనిపిస్తుంది. అది చెడిపోయిన గుర్తు కాదు. విడదీయగల తీగ ఉన్న నమూనాను ఎంచుకోవడం ఆర్థికంగా లాభం, ఎందుకంటే ముందుగా తెగేది తీగే.

ఎవరి చెవి, ఎవరి తీర్పు?

ఇరవై ఏళ్ల సమీక్షకుని చెవికి, ముప్పై ఏళ్లు రోలింగ్ మిల్లులో పనిచేసి విరమించిన ఉద్యోగి చెవికి ఒకే ఇయర్‌ఫోన్ ఒకేలా వినిపించదు. వయసుతో పై పౌనఃపున్యాలు క్రమంగా దూరమవుతాయి. యంత్రాల హోరు వల్ల కలిగే వినికిడి నష్టం సాధారణంగా 4 వేల హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఒక గుంట వలె ముందుగా బయటపడుతుంది. హల్లుల స్పష్టత ఆధారపడేది ఆ ప్రాంతం మీదనే. అటువంటి శ్రోతకు సమీక్షకుడు 'కటువు' అన్నది ఒకప్పుడు హాయిగా, మరొకప్పుడు భరించరానిదిగా తోచవచ్చు. దెబ్బ తిన్న చెవికి చిన్న ధ్వని వినిపించదు. పెద్ద ధ్వని మాత్రం హఠాత్తుగా బాధిస్తుంది. ఈ స్థితిలో ఉన్నవారు పదిహేను వేలు ఖర్చు పెట్టే ముందు ఆడియోగ్రామ్ తీయించుకోవడం ఉత్తమం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌తో కలిసి ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్లు సురక్షిత పరిమితి. పిల్లలకు 75 డెసిబెల్లు. మూడు డెసిబెల్లు పెరిగిన ప్రతిసారీ అనుమతించదగిన సమయం సగానికి తగ్గుతుంది. 90 డెసిబెల్ల వద్ద వారానికి నాలుగు గంటలే మిగులుతాయి. భారత కర్మాగారాలలో దశాబ్దాలుగా అనుసరించిన పరిమితి రోజుకు 8 గంటలకు 90 డెసిబెల్లు కావడాన్ని దీనితో పోల్చి చూడవలసి ఉంది. షిఫ్టు ముగిసిన వెంటనే చెవి తాత్కాలికంగా మందగించి ఉంటుంది. అప్పుడు సరిపోయిందనిపించిన శబ్దస్థాయి నిజానికి ఎక్కువ. వక్రీకరణ తక్కువగా ఉండే ప్లేనర్లలో ఈ ప్రమాదం మరికొంత అధికం, ఎందుకంటే నాసి రకం ఇయర్‌ఫోన్ పెద్ద శబ్దం వద్ద పగిలినట్లు మోగి హెచ్చరిస్తుంది, ఇవి హెచ్చరించవు. ఇక, పనిచేసే చోట చెవి రక్షణ బిరడాలకు బదులు వీటిని వాడడం ఎంతమాత్రం తగదు.

సుంకాలు, అయస్కాంతాలు

విని చూసి కొనే సౌకర్యం ఈ తరగతి సరుకుకు మహానగరాలలోని కొద్ది దుకాణాలకే పరిమితం. ఇతర పట్టణాలవారు టపా ద్వారా తెప్పించుకోవలసినదే. చైనా నుంచి నేరుగా కొనే ప్రధాన మార్గమైన అలీఎక్స్‌ప్రెస్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 నవంబరులో నిషేధించింది. 2022 బడ్జెట్‌లో ఇయర్‌ఫోన్లపై దిగుమతి సుంకం పెరిగింది. దానికి 18 శాతం జిఎస్‌టి తోడవుతుంది. విదేశీ సమీక్షలో 'ధరకు తగినది' అన్న తీర్పు డాలరు ధరను చూసి ఇచ్చినది. రూపాయల ధరకు అది వర్తిస్తుందో లేదో కొనుగోలుదారే లెక్క వేసుకోవాలి. బిల్లు, హామీ పత్రం, తిరిగి పంపే గడువు ఇచ్చే దేశీయ విక్రేత వద్ద వెయ్యి రూపాయలు ఎక్కువైనా నష్టం లేదు.

కాగా, ఈ చిన్న సాధనం వెనుక ఉన్న పెద్ద సమస్య అయస్కాంతం. చైనా 2025 ఏప్రిల్‌లో ఏడు అరుదైన మృత్తిక మూలకాలపైన, వాటితో చేసే అయస్కాంతాలపైన ఎగుమతి ఆంక్షలు విధించింది. తయారైన ఇయర్‌ఫోన్లకు ఆ ఆంక్ష లేకపోయినా, వాటిని ఇక్కడే తయారు చేయదలచినవారికి ముడిసరుకు పరాధీనమని తేలిపోయింది. 2025 నవంబరు 26న కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయలతో ఏటా 6 వేల టన్నుల అయస్కాంతాల ఉత్పత్తికి ఒక పథకాన్ని ఆమోదించింది. అంతకు సరిగ్గా 75 ఏళ్ల క్రితం, 1950లో అదే తేదీన ప్రధాని నెహ్రూ జంషెడ్‌పూర్‌లో జాతీయ లోహశాస్త్ర పరిశోధనశాలను ప్రారంభించారు. వాడి పారేసిన అయస్కాంతాల నుంచి, ఎలక్ట్రానిక్ చెత్త నుంచి విలువైన లోహాలను రాబట్టే పరిశోధన ఆ సంస్థలో జరిగింది. ఆంధ్ర తీరపు ఇసుకలోనూ ఈ మూలకాలను ఇచ్చే మోనజైట్ ఉన్నది. విశాఖపట్నంలో ఐఆర్ఇఎల్ సంస్థ నెలకొల్పిన కర్మాగారాన్ని 2023లో జాతికి అంకితం చేశారు. అయితే అక్కడ తయారయ్యేవి సమారియం-కోబాల్ట్ అయస్కాంతాలు. ఇయర్‌ఫోన్లకు కావలసిన నియోడిమియం రకం కాదు.