క్రూగర్ సఫారీ: మీరే డ్రైవర్, మీరే గైడ్!

సఫారీ అనగానే మనకి ఓపెన్ జీపు, ఖాకీ టోపీ, పక్కనే లక్షల్లో ఉన్న ప్యాకేజీ కనిపిస్తాయి. ‘ఇది మనవల్ల అయ్యే పని కాదులే’ అనుకుని ఆ ట్యాబ్ మూసేస్తాం. కానీ ఆఫ్రికాలో మామూలు అద్దె కారులో, మీరే నడుపుకుంటూ సింహాలు చూసి రాగలిగే పెద్ద పార్కు ఒకటుంది. అదే దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్క్.

1898లో వేట నిషేధించిన అడవిగా మొదలై, 1926లో నేషనల్ పార్క్ అయింది. విస్తీర్ణం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 350 కిలోమీటర్ల పొడవు. తారు రోడ్లు, పెట్రోలు బంకులు, కంచె వేసిన క్యాంపులు అన్నీ లోపలే ఉంటాయి. పైగా మనలాగే వాళ్లదీ ఎడమవైపు డ్రైవింగే. అలవాటు పడటానికి పెద్దగా టైమ్ పట్టదు.

ఎప్పుడు వెళ్లాలి?

మే నుంచి సెప్టెంబరు దాకా బెస్ట్. మనకి వానలు పడే రోజుల్లో వాళ్లకి చలికాలం, వానలుండవు. గడ్డి ఎండిపోతుంది, చెట్లు ఆకులు రాలుస్తాయి, దాంతో దూరంగా ఉన్న జంతువు కూడా కనిపిస్తుంది. చిన్న చిన్న గుంటలు ఎండిపోవడంతో జంతువులన్నీ నదుల దగ్గరికే రావాలి. మీరు వాటి కోసం తిరిగే కన్నా నీళ్ల దగ్గర కూర్చుంటే అవే వస్తాయి. దోమలూ తక్కువే. తెల్లవారుజామున మాత్రం చలి గట్టిగానే ఉంటుంది, జాకెట్ మర్చిపోకండి.

నవంబరు నుంచి మార్చి దాకా పచ్చదనం, పక్షులు, అప్పుడే పుట్టిన ఇంపాలా పిల్లలు ఉంటాయి. ఫొటోలు బాగా వస్తాయి కానీ ఎండ, వాన, మలేరియా భయం మూడూ ఎక్కువే.

టికెట్ కన్నా ముందు క్యాంపు

మనం ముందు ఫ్లైట్ బుక్ చేసి, తర్వాత హోటల్ వెతుకుతాం. ఇక్కడ ఆ లెక్క తిరగేయాలి. పార్కు లోపలి క్యాంపులను ‘శాన్‌పార్క్స్’ అనే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. నెలల ముందే వాటి సైట్‌లో గదులు తెరుస్తారు. స్కూలు సెలవుల రోజులకి మంచి క్యాంపులు త్వరగా నిండిపోతాయి. గది దొరికిన తేదీలు చూసుకుని లీవ్ పెట్టండి, ఆ తర్వాతే టికెట్.

గది అద్దె కాకుండా ప్రవేశ రుసుము వేరే. విదేశీయులకి ఒక్కొక్కరికి రోజుకి 500 రాండ్లు దాటుతుంది. రాండు దాదాపు ఐదు రూపాయలు అనుకుంటే రెండున్నర వేల పైమాటే. ఎక్కువ రోజులు ఉండేవాళ్లు ఏడాదికి పనికొచ్చే ‘వైల్డ్ కార్డ్’తో పోల్చి చూసుకోవాలి.

మన పాస్‌పోర్టుకి వీసా తప్పనిసరి. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సుతో పాటు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే కారు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర ఇబ్బంది ఉండదు. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్తూ అక్కడ ఎక్కువసేపు ఆగితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు.

ఐదు రాత్రుల రూట్

జొహన్నెస్‌బర్గ్ నుంచి దక్షిణం గేట్లకి కారులో సుమారు ఐదు గంటలు. పొద్దున్నే బయల్దేరండి. నగరంలో ఫోర్డ్స్‌బర్గ్ ఏరియాలో మన మసాలాలు, పప్పులు దొరుకుతాయి. క్యాంపుల్లో వంట చేసుకునే వీలుంది కాబట్టి శాకాహారులకి ఇదే మంచి ఏర్పాటు.

మొదటి రెండు రాత్రులు లోయర్ సాబీ. అక్కడి నుంచి స్కుకుజా దాకా నది పక్కనే వెళ్లే రోడ్డు పార్కులోనే పేరున్న దారి. క్యాంపు పక్కనే సన్‌సెట్ డ్యామ్‌లో హిప్పోలు, మొసళ్లు కనిపిస్తాయి. తర్వాతి రెండు రాత్రులు సతారా. చుట్టూ గడ్డిమైదానాలు, సింహాలకి పేరు. ఆఖరి రాత్రి ఒలిఫాంట్స్. కొండ అంచున ఉన్న క్యాంపు నుంచి కింద నదిలో దిగే ఏనుగుల మందల్ని టీ తాగుతూ చూడొచ్చు.

స్పీడ్ లిమిట్ తారు రోడ్డు మీద గంటకి 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్లు. ఆగుతూ చూస్తూ వెళ్తే సగటున 25 కూడా రాదు. మ్యాప్ రెండు గంటలంటే మీరు నాలుగు వేసుకోండి. జూన్, జులైల్లో గేట్లు సాయంత్రం 5.30కే మూసేస్తారు. లేటైతే ఫైన్. చీకటి పడ్డాక చూడాలంటే పార్కు వాళ్ల ట్రక్కులో గైడ్‌తో వెళ్లే నైట్ డ్రైవ్ ఉంది.

కారు దిగితే కథ మారుతుంది

అనుమతించిన చోట తప్ప కారు దిగకూడదు. చెయ్యి, తల కూడా బయట పెట్టొద్దు. సింహం మీ కారుని పట్టించుకోకుండా పక్కనుంచి నడిచిపోతుంది, కానీ మనిషి ఆకారం విడిగా కనిపిస్తే దాని తీరే వేరు. ఏనుగు విషయంలో ఇంకా జాగ్రత్త. చెవులు విప్పి, తల ఊపుతూ మీవైపు తిరిగిందంటే వెనక్కి వెళ్లమని అర్థం. తల్లికీ పిల్లకీ మధ్యలో కారు పెట్టొద్దు.

ఇక మలేరియా. చలికాలంలో ముప్పు తక్కువే కానీ లేకపోలేదు. మాత్రలు వేసుకోవాలా వద్దా అనేది వెళ్లేముందే డాక్టర్‌ని అడగండి. అసలు విషయం తిరిగొచ్చాక ఉంది. కొన్ని వారాల లోపు జ్వరం వస్తే ‘వైరల్ ఫీవర్‌లే’ అని పారాసిటమాల్‌తో సరిపెట్టొద్దు. ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టర్‌కి చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. అక్కడి మలేరియా రకం ఆలస్యం చేస్తే ప్రాణం తీస్తుంది.

ఆ ఒక్క ఫొటో లొకేషన్ వద్దు

సింహం, చిరుత, ఏనుగు, దున్న, ఖడ్గమృగం... ఈ ఐదింటినీ ‘బిగ్ ఫైవ్’ అంటారు. కాలినడకన వేటాడటం కష్టమని ఒకప్పటి వేటగాళ్లు పెట్టిన పేరది. ఇప్పుడు వేటగాళ్ల కన్ను ముఖ్యంగా ఖడ్గమృగం కొమ్ము మీదే. 2014లో ఒక్క దక్షిణాఫ్రికాలోనే 1,215 ఖడ్గమృగాలను చంపారు, ఎక్కువ భాగం క్రూగర్‌లోనే. క్రూగర్‌లో తెల్ల ఖడ్గమృగం ఒకసారి పూర్తిగా అంతరించింది కూడా. 1961లో నటాల్ నుంచి తెచ్చి మళ్లీ వదిలారు.

అందుకే అది కనిపిస్తే కళ్లారా చూడండి, ఫొటో తీసుకోండి. పోస్ట్ చేసేముందు మాత్రం లొకేషన్ తీసేయండి, ఏ రోడ్డు, ఏ క్యాంపు దగ్గర అన్నది రాయొద్దు. మనకి ఒక స్టోరీ, వేటగాడికి అదే అడ్రస్ అవుతుంది.

ఇంకో మాట. ఈ అడవి ఖాళీ నేల మీద పుట్టలేదు. ఉత్తరాన పఫూరీ ప్రాంతం నుంచి 1969లో మకులేకే ప్రజల్ని ఖాళీ చేయించి పార్కులో కలిపేశారు. 1998లో ఆ నేల మీద హక్కు తిరిగి వాళ్లకి దక్కింది. వాళ్లు మళ్లీ దున్నుకోకుండా, అడవిగానే ఉంచి పర్యాటకం మీద ఆదాయం పొందుతున్నారు. వీలైతే ఒక ట్రిప్ అటువైపు కూడా ప్లాన్ చేయండి.

ముందు మీ టీమ్ క్యాలెండర్ తెరిచి, వచ్చే జూన్ నుంచి ఆగస్టు దాకా ఏ వారం ఖాళీగా ఉందో చూడండి. తర్వాత క్యాంపు బుకింగ్ సైట్. మిగతావన్నీ ఆ రెండూ కుదిరాకే.